ఎత్వం ఎగిరిపోయిన వీరుడు

గీతలాయన చేతిలో అక్షరం తప్పు పడిందని ఎవరైనా చూపిస్తే, నేను సగం మీసం గీయించుకుని పట్టపగలు ఈ వీధి పొడవునా నడుస్తాను. ఊరికే అనడం లేదు. ఆయన కార్టూన్లలో మనిషి ముక్కు వంకరపోవచ్చు, కుర్చీకి ఒక కాలు తగ్గవచ్చు, గీసింది కుక్కో దూడో తేల్చుకోలేక జనం పందేలు కాయవచ్చు. కానీ బొమ్మ పక్కన రాసే మాటల్లో ఒత్తు జారదు, దీర్ఘం కుంగదు, సున్న దొర్లిపోదు. ఆయన రాసిన 'క్ష' చూసే వాళ్ళావిడ పెళ్ళికి ఒప్పుకుందని వీధిలో చెప్పుకుంటారు. ఆయన అసలు పేరు వీధి ఎప్పుడో వదిలేసింది. అందరికీ ఆయన గీతలాయనే.

గీతలాయన ఉద్యోగం ఒక పేపర్లో. చివరి పేజీ అడుగున, కుడివైపు మూల ఆయనది. ఎన్నో ఏళ్ళు జనం పేపరును వెనకనుంచి తిప్పి, ఆ మూల చూసి నవ్వుకుని, ఆ తర్వాతే ముందు పేజీలోని ఘోరాలు చదువుకునేవారు. ఈమధ్య ఎందుకో నవ్వు తగ్గింది. ముందు పేజీ నుంచే తిప్పడం మొదలుపెట్టారు. ఈ సంగతి ఎడిటరుగారి దాకా వెళ్ళింది.

ఎడిటరుగారు నవ్వే మనిషి కాదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో లేరు. చూశానన్న ఒకాయన్ని ఆఫీసు నమ్మలేదు. అయినా తను నవ్వకపోతే పోయె, జనం మాత్రం నవ్వి తీరాలన్నది ఆయన పట్టుదల.

"కొత్త బొమ్మ ఏదైనా తీసుకురండి. చూసి ఎవరో ఒకరు నవ్వాలి. లేకపోతే ఆ మూల గళ్ళ నుడికట్టుకి ఇచ్చేస్తా. దాన్ని చూసి ఎవరూ నవ్వరు గాని, కనీసం పెన్సిలు చేత్తో పట్టుకుంటారు" అన్నారు ఆయన.

ఆ మూల పోతే గీతలాయనకు పేపర్లో ఇంకో మూల లేదు. బొమ్మలు గీయడం తప్ప ఆయనకు వేరే పని చేతకాదు. ఇంట్లో బల్బు మార్చేది కూడా ఆవిడే. అందుకని ఆయన గుండె చిక్కబట్టుకుని, తిండి మీద ధ్యాస మాని, ఒక సూపర్‌హీరోను పుట్టించాడు. పేరు మెరుపు మనిషి. రాయి లాంటి దవడ, తలుపంత ఛాతీ, భుజాల మీద నుంచి రెపరెపలాడే గుడ్డ. గీయడం పూర్తయ్యాక ఆవిడకు చూపించాడు.

"బాగున్నాడు. ఏం చేస్తాడు?" అంది ఆవిడ.

"ఎవరికైనా కష్టమొస్తే మెరుపులా వచ్చి కాపాడతాడు."

"ఆ తర్వాత?"

"మెరుపులా వెళ్ళిపోతాడు."

"మరి నవ్వెప్పుడు?"

"అదెంతసేపు. దారిలో ఎక్కడో తగులుతుంది" అన్నాడు గీతలాయన. అన్నాడే గాని, ఎక్కడ తగులుతుందో ఆయనకే తెలియదు.

అసలు బొమ్మ మొదలయ్యే ముందురోజు పేపర్లో ఒక ప్రకటన వేయాలి. దానికి పేరు అక్షరాలు తన చేత్తోనే రాసి, వెనకనుంచి కనిపించే మనిషినొకణ్ణి గీసి, కింద నాలుగు మాటలు చేర్చి పంపించాడు. పొద్దున్న లేచి చేసుకున్న ఏర్పాటు చాలా మామూలుది: కాఫీ తాగడం, గడ్డం గీసుకోవడం, గీసిన మొదటి బొమ్మను అట్టల సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఎడిటరుగారి చేతికివ్వడం. కాఫీ సగంలో ఉండగా పేపరు వచ్చింది. చివరి పేజీ తిప్పాడు. ప్రకటన చక్కగా, పెద్దగా, నల్లగా పడింది.

"రేపటి నుంచి మరుపు మనిషి. అతను మీ వీధిలోనే ఉన్నాడు. మీ పక్కనే తిరుగుతున్నాడు. రేపు అతని ముసుగు తొలగిస్తాం."

మెరుపు కాదు, మరుపు. 'మ' నెత్తిన ఉండవలసిన ఎత్వం లేదు. దాని బదులు శుభ్రంగా తలకట్టు ఉంది. గీతలాయన పేపరును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. మరుపు మరుపుగానే ఉంది. ముసుగు తొలగిస్తామన్న మాట మెరుపు మనిషికి స్వాగతంలా ఉంటుంది. మరుపు మనిషికి పోలీసు నోటీసులా ఉంది.

"ఏమండీ" అంది ఆవిడ వెనకనుంచి. ఎప్పుడొచ్చిందో, ఆయన భుజం మీదుగా చదివేసింది. "మా నాన్న మీకేం అన్యాయం చేశాడు?"

"మామయ్యగారా? ఆయనెందుకొచ్చారు మధ్యలో?"

"మధ్యలో రాలేదు. చివరి పేజీలో వచ్చాడు."

ఆవిడ బాధకు కారణం లేకపోలేదు. ఈమధ్యే మామగారు స్నేహితుడి మనవరాలి పెళ్ళికని బయల్దేరి, ఆ పక్క హాల్లో వేరే పెళ్ళికి వెళ్ళారు. అక్కడ కడుపునిండా భోంచేసి, దంపతులను దీవించి, ఫొటోలో పెళ్ళికూతురు పక్కన నిలబడి ఇంటికొచ్చారు. వచ్చి, "పెళ్ళికొడుకు బంగారం లాంటివాడు. నేనెవరో తెలియకపోయినా ఎంత మర్యాద చేశాడో" అని మెచ్చుకున్నారు. ఆ సంగతి ఇల్లు దాటకూడదని ఆవిడ అందరిచేతా మాట తీసుకుంది.

"నేను రాసింది మెరుపు. ఆఫీసులో ఎవరో కెలికారు. ఎత్వం ఎగిరిపోయింది" అన్నాడు గీతలాయన.

"ఎగిరి సరిగ్గా మా నాన్న నెత్తినే వాలిందా? మీ చేతిలో అక్షరం తప్పు పడుతుందంటే ఎవరు నమ్ముతారు? నాన్న కూడా చూశాడట. ఫోన్ చేశాడు. వస్తున్నాడు. గొంతు వింటే చాలా కోపంగా ఉన్నాడు."

గీతలాయన సగం కాఫీ వదిలేసి చొక్కా తొడుక్కున్నాడు. మామగారు వచ్చేలోగా ఆఫీసుకు పోయి, తప్పు ఎవరిదో తేల్చి, సవరణ వేయించుకోవాలి. చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా గుమ్మంలోకి ముందు ఒక నిచ్చెన వచ్చింది, దాని వెనక పక్కింటి బస్సు డ్రైవరు వచ్చాడు. నిచ్చెన మెట్లకు ఏదో తీగ చుట్టుకుని ఉంది. దాని చివర ఒక పువ్వు కూడా ఉంది.

"ముసుగు తియ్యక్కర్లేదండీ. నేనే వచ్చేశా" అన్నాడు డ్రైవరు, నిచ్చెనను వాకిట్లో అడ్డంగా పడేసి. "వానలప్పుడు కప్పు చూసుకోడానికి తీసుకెళ్ళిన మాట నిజమే. ఇవాళ ఇద్దాం, రేపిద్దాం అనుకుంటుండగా మా ఆవిడ దానిమీద తీగ పాకించింది. పూసే తీగ తెంపుకొచ్చా. పిలిచి అడిగితే ఇచ్చేవాణ్ణిగా, పేపరుకెక్కించాలా?"

"ఈ నిచ్చెన నాదా?" అన్నాడు గీతలాయన.

"మనదే. మీరు మర్చిపోయారు" అంది ఆవిడ లోపల్నుంచి.

"అది మరుపు కాదండీ, మెరుపు. ఆకాశంలో మెరుస్తుంది చూడండి, ఆ మెరుపు."

డ్రైవరు జాలిగా చూశాడు. "మీరు అక్షరం తప్పు రాస్తారా? మరీ చిన్నపిల్లల్లా మభ్యపెట్టకండి."

ఎన్నో ఏళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు ఇలా తనమీదే తిరగబడుతుందని గీతలాయన ఎన్నడూ అనుకోలేదు. ఆయన నిచ్చెన దాటబోతుంటే అవతలివైపునుంచి దర్జీ దాటుతూ కనిపించాడు. చేతిలో కోటు, మెడలో కొలత టేపు, మొహంలో రాత్రంతా ఏడ్చినవాడి వాలకం.

"బొత్తాలొక్కటే మిగిలాయి సార్. ఇంతలో మీరు ముసుగు తీస్తానన్నారు. పొద్దున్నే లేచి కుట్టేశా. వేసుకు చూడండి."

గీతలాయనకు ఆ కోటు ఎప్పుడిచ్చాడో గుర్తులేదు. వద్దంటే కదలనిచ్చేలా లేడని తొడుక్కున్నాడు. ముందువైపు రెండు అంచులూ ఒకదాన్నొకటి దూరంనుంచి చూసుకున్నాయి తప్ప కలవలేదు.

"గుడ్డ ముడుచుకుందా?"

"గుడ్డ అలాగే ఉంది సార్. మీరే ఎదిగారు."

సరిగ్గా అప్పుడు వీధి మలుపులో మామగారు కనిపించారు. గొడుగును ఈటెలా ముందుకు చాచి, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వస్తున్నారు. ఎండా లేదు, వానా లేదు, గొడుగు ఎందుకు తెచ్చారో చూసినవాళ్ళందరికీ తెలిసింది. డ్రైవరు పక్కకు తప్పుకున్నాడు. దర్జీ కోటు వెనక నక్కాడు, ఆ కోటు లోపల గీతలాయన ఉన్నాడు కాబట్టి. మామగారు నిచ్చెన దాటారు, గుమ్మమెక్కారు, కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకున్నారు. ఆవిడ గబగబా కాఫీ తెచ్చిచ్చింది. తాగారు. గ్లాసు కింద పెట్టారు. అందరి మొహాలూ ఒకసారి చూశారు.

"ఏమ్మా, నేనెందుకొచ్చాను?" అన్నారు.

నిజాయితీ గల మనిషి కావడం వల్ల ఆవిడే నోరు విప్పింది. "కోపంగా వచ్చారు నాన్నా."

"కోపమా? ఎవరిమీద?"

"ఈయన మీద."

మామగారు అల్లుడివైపు తిరిగి, బిగుతు కోటులో చేతులు పైకి లేచిపోయి నిలబడ్డ ఆ మనిషిని కింద నుంచి పైదాకా చూశారు. "పాపం, ఇతనేం చేశాడు? ఇప్పటికే ఏదో కష్టంలో ఉన్నట్టున్నాడు."

ముందు ఆవిడే నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తర్వాత డ్రైవరు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, ఒకసారి తను కండక్టరును టీ కొట్టు దగ్గరే వదిలేసి బస్సును చివరి స్టాపు దాకా తోలుకుపోయిన సంగతి చెప్పాడు. అంతమంది ప్రయాణికుల్లో ఒక్కరూ నోరెత్తలేదట. టిక్కెట్టు అడిగేవాడు లేడని వాళ్ళకు మాత్రం బాగా గుర్తుంది. దర్జీకి కూడా ధైర్యం వచ్చింది. మెడలో వేలాడుతున్న టేపు కోసం కొట్టంతా తిరగేసి, కనిపించక కొత్తది కొనుక్కొచ్చి, ఇప్పుడు రెండూ మెడలోనే వేసుకుంటున్నానని చూపించాడు. నిజంగానే రెండున్నాయి. మామగారు అందరికంటే ఎక్కువ నవ్వి, "ఎంత మతిమరుపు మనుషులయ్యా మీరు" అని మందలించారు.

గీతలాయన వేళ్ళు దురద పెట్టడం మొదలైంది. ఎన్నాళ్ళయిందో ఆయనకు ఆ దురద పుట్టి. పెన్సిలు కోసం వెతుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"వెంటనే రండి. రేపటి బొమ్మ పట్టుకురండి. ఆ ప్రకటన సంగతి తేల్చాలి" అన్నారు ఎడిటరుగారు, అంతే, పెట్టేశారు.

నవ్వు ఒక్కసారిగా ఆవిరైపోయింది. గీతలాయన బల్లమీది అట్టల సంచి చంకన పెట్టుకుని బయల్దేరాడు. కోటు విప్పబోతే చేతులు రాలేదు, అలాగే వెళ్ళాడు. మామగారు కూడా గొడుగు తీసుకుని లేచారు.

"నేనొచ్చి మీ ఎడిటరుతో మాట్లాడతా."

"ఏం మాట్లాడతారు మామయ్యగారూ?"

"అక్కడికెళ్ళాక గుర్తొస్తుందిలే. నువ్వు నడు."

ఆఫీసు గోలగోలగా ఉంది. పేజీలు పెట్టే అమ్మాయిని అందరూ పేజీలమ్మాయి అంటారు. ఆ అమ్మాయి చెవికొక ఫోను పెట్టుకుని ఇద్దరికీ ఒకే జవాబు చెబుతోంది: "లేదండీ, మీ గురించి కాదు. నిజంగా కాదు. మీరు ఏం మర్చిపోయారో మాకు తెలీదండీ." పొద్దుటి నుంచీ అదే పని. ఒకాయన తను తిరిగివ్వని గ్రంథాలయం పుస్తకం గురించే అనుకున్నాడు. ఒకావిడ మేనత్తను చూడ్డానికి వస్తానని వెళ్ళనందుకే అనుకుని, ముసుగు తీసేలోపు బస్సెక్కేశానని చెప్పి పెట్టేసింది.

ఎడిటరుగారి గదిలోకి అడుగుపెట్టగానే గీతలాయనకు ఒక కొత్త కుర్చీ కనిపించింది. చుట్టూ కాగితం ఇంకా విప్పలేదు.

"కుర్చీ సంగతే కదా?" అన్నారు ఎడిటరుగారు, మొహంలో ఏ కదలికా లేకుండా. "మీ కుర్చీ కాలు విరిగింది, కొత్తది తెప్పిస్తానన్నాను. మర్చిపోయాను. మీరు బొమ్మల్లో కుర్చీకి ఒక కాలు తక్కువ వేస్తున్నప్పుడే నాకు అర్థమవ్వాల్సింది. దానికి పేపర్లో నా ముసుగు తీస్తారా? అదీ నా పేపర్లోనే?"

"అయ్యో, మీ గురించి కాదండీ. నేను రాసింది మెరుపు. ఇక్కడెవరో మరుపు చేశారు. ఎవరు చేశారో తేలాలి. నా చేతిలో ఎన్నడైనా అక్షరం తప్పు పడిందా?" గీతలాయన గొంతు పెరిగింది. కోటు భుజం దగ్గర కుట్టు ఒకటి పటుక్కుమంది.

పేజీలమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి గీతలాయన పంపిన అట్టను తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన సొంత చేత్తో రాసిన అక్షరాలే. రు, పు, మ, ని, షి అన్నీ దర్జాగా ఉన్నాయి. మొదటి 'మ' నెత్తిన మాత్రం ఏమీ లేదు. తలకట్టు లేదు, ఎత్వం లేదు, బోడిగుండు.

అప్పుడు గీతలాయనకు జ్ఞాపకం వచ్చింది. ఆ ఎత్వాన్ని అచ్చం మెరుపు ఆకారంలో గీద్దామని ముచ్చటపడి, అక్షరాలన్నీ పూర్తయ్యాక తీరిగ్గా వేద్దామని దానికి చోటు వదిలిపెట్టాడు. ఈలోగా ఆవిడ భోజనానికి పిలిచింది. తినేసి వచ్చి, అట్టను కవరులో పెట్టి పంపించేశాడు.

"తలకట్టు నేనే పెట్టా సార్" అంది పేజీలమ్మాయి బెదురుతూ. "మరుపు మనిషి గురించి కదా, తలకట్టు మర్చిపోవడం సహజమే అనుకున్నా. ఇన్నాళ్ళకి మీకు మంచి ఐడియా వచ్చిందని సంతోషంగా నవ్వుకున్నా కూడా. మెరుపు అని నాకు తట్టనే లేదు. మెరుపుకి నవ్వెందుకొస్తుంది సార్?"

మొదట్లో నేను మీసం గురించి ఏదో అన్నట్టున్నాను. నా వయసులో ఇలాంటివి గుర్తుండవు. మీరూ గుర్తుపెట్టుకోకండి.

"సరే, తప్పు మీది" అన్నారు ఎడిటరుగారు. "పేరు ఎలాగూ జనంలోకి పోయింది. ఇక మార్చేది లేదు. రేపటి బొమ్మ చూపించండి. నవ్వు వస్తే మూల మీది, రాకపోతే ఇవాళ్టితో సరి. గళ్ళ నుడికట్టు సిద్ధంగా ఉంది."

గీతలాయన అట్టల సంచి విప్పాడు. లోపల ఏమీ లేదు. ఇంకోసారి చేయిపెట్టి వెతికాడు, తలకిందులు చేసి దులిపాడు. ఒక పెన్సిలు ముక్క రాలిపడింది. బొమ్మ ఇంట్లో, బల్లమీద ఉండిపోయింది.

"బొమ్మ మర్చిపోయావా అల్లుడూ?" అన్నారు మామగారు. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. అంతమందిలో తన మనిషి ఒకడు దొరికాడన్న సంతోషం ఉంది. ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "ఏం పర్లేదు. ఉన్నచోట కూర్చో. మళ్ళీ గియ్యి."

గీతలాయన కాగితం కూడా విప్పని ఆ కొత్త కుర్చీలో కూర్చున్నాడు. బల్లమీద ఏదో పాత కాగితముంటే తిరగేశాడు. రాయి లాంటి దవడ రాలేదు. దాని బదులు కొంచెం పొట్ట, తలకిందులుగా కట్టుకున్న ముసుగు, వెనక్కి ఎగరాల్సింది పోయి ముందుకు పడి మొహాన్ని కప్పేసే గుడ్డ వచ్చాయి. మొదటి గడిలో ఇల్లు అంటుకుంటుంది. రెండో గడిలో మరుపు మనిషి మేఘాలను చీల్చుకుంటూ వస్తాడు. మూడో గడిలో మంటల ముందు వాలి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంటాయన్ని అడుగుతాడు: "నేనెందుకొచ్చానండీ?" ఇంటాయన గగ్గోలుగా అరుస్తాడు: "మంటలండీ, మంటలు." చివరి గడిలో మరుపు మనిషి చెమట తుడుచుకుంటూ అంటాడు: "అదీ, ఉక్కగా ఉందేమిటా అనుకున్నా."

మొదట పేజీలమ్మాయి కిసుక్కుమంది. గుమ్మంలో పోగైన ఆఫీసువాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు పడి చూసి నవ్వారు. మామగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఎవడో గాని, పాపం, వాడి ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో" అన్నారు. గీతలాయనకు మాత్రం ఎవరి నవ్వూ వినిపించడం లేదు. ఆయన చూపు ఒక్క ఎడిటరుగారి మీదే ఉంది. ఎడిటరుగారి ముక్కుపుటాలు కదిలాయి. పెదవులు బిగుసుకున్నాయి. కళ్ళు మూతపడ్డాయి. భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఆఫీసు చరిత్రలో మొదటిసారి ఎడిటరుగారు నవ్వారు. నవ్వి, జేబురుమాలతో మొహం తుడుచుకుని, "వెయ్యండి" అన్నారు.

మర్నాడు పొద్దున్న గీతలాయన వీధిలో ఊరికే అటూ ఇటూ నడిచాడు. కిటికీల్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఒక ఇంట్లో ఎవరో పైకి చదువుతున్నారు, "ఉక్కగా ఉందేమిటా" దగ్గర చదివే గొంతు ఆగిపోయి నవ్వు అందుకుంది. ఆ కిటికీ కింద ఆయన చాలాసేపు నిలబడిపోయాడు. లోపలివాళ్ళకు ఆయన మొహం కూడా తెలియదు. అయినా ఆ గోడకు దణ్ణం పెట్టాలనిపించింది. తర్వాత డ్రైవరు ఇంటికి వెళ్ళి, కండక్టరు సంగతి వాడుకుంటాను, మీ దయ అన్నాడు. దర్జీ దగ్గరకు వెళ్ళి ఆ రెండు టేపులకు కృతజ్ఞతలు చెప్పాడు. పేజీలమ్మాయికి ఫోన్ చేసి, నువ్వు పెట్టిన తలకట్టే నా తలరాత మార్చిందమ్మా అన్నాడు. మామగారి దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంటే, ఆయన అంతా శ్రద్ధగా విని, "దేనికి బాబూ ఇదంతా?" అన్నారు. ఆయన ఏ సహాయం చేసినా అంతేనట, చేసిన మర్నాడు గుర్తుండదట. అలాంటి మనిషి దగ్గర అప్పుపడటం ఎంత హాయో గీతలాయనకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చేసరికి ఆవిడ పేపరు ముందేసుకుని కూర్చుని ఉంది. చివరి పేజీ పైకి ఉంది.

"అందరికీ చెప్పొచ్చాను. నీకే చెప్పలేదు" అన్నాడు.

"నాకెందుకు? నేనేం చేశాను?"

"నవ్వెప్పుడు అని అడిగావు కదా. నువ్వు తప్ప ఆ మాట అడిగేవాళ్ళు నాకెవరూ లేరు."

ఆవిడ కాఫీ పెట్టడానికని లేచి వంటింట్లోకి వెళ్ళింది, కాసేపటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఎందుకు వెళ్ళిందో మర్చిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఆ రోజుకి కాఫీ సంగతి మానుకున్నారు.

ఇదీ జరిగింది. నేను విన్నదాంట్లో నిచ్చెన మీది పువ్వుతో సహా ఏదీ కల్పించలేదు, ఎడిటరుగారు నవ్వారన్నది తప్ప. ఆయనకు వచ్చింది తుమ్ము.